లక్ష సమీకరణాల చోట రెండు: ఊగే కట్టడాలకు చిన్న నమూనాలు

[తెరపై: దేవరకొండ దారిలో ఒక ఊరి చివర, ఆర్‌సీసీ స్తంభాలపై నిలబడ్డ మంచినీళ్ల ట్యాంకు]

ఫ్లోరైడ్ నీళ్లతో తరాలుగా ఎముకలు వంకర్లు పోయిన నల్లగొండ జిల్లాలో, కృష్ణా నీళ్లను ఇంటి నల్లాదాకా తెచ్చే ఇలాంటి ట్యాంకు ఊరికి ప్రాణాధారం. భూమి కంపిస్తే ఇది ఎలా ఊగుతుందో కట్టకముందే లెక్క తేల్చుకోవాలి.

ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో స్తంభాలను, అడ్డదూలాలను, గోడను, లోపలి నీటిని చిన్నచిన్న ముక్కలుగా విడగొడితే తెలియని రాశులు లక్ష దాటవచ్చు. కంపనం సాగినంతసేపూ, సెకనులో వందో వంతుకు ఒకసారి చొప్పున, వాటన్నిటినీ సాధిస్తూ పోవాలి. స్తంభం మందం కాస్త మార్చినా మళ్లీ మొదటికే రావాలి. అందుకే ముందుగా, అసలు ఊపును మాత్రమే పట్టుకునే చిన్న నమూనాతో లెక్క చూస్తారు.

[తెరపై: సగం నిండిన బిందెను చంకన పెట్టుకుని నడుస్తున్న మహిళ]

బిందెలోకి తొంగి చూడండి. అడుగున ఉన్న నీరు బిందెతోపాటే కదులుతుంది. పైనున్న నీరు మాత్రం తన లయలో తాను అటూ ఇటూ కొట్టుకుంటుంది. 1963లో అమెరికా భూకంప ఇంజినీరు జార్జ్ హౌస్నర్ ప్రకటించిన ట్యాంకు నమూనాకు ఈ తేడాయే ఆధారం. గోడతో కలిసి కదిలే నీటిని కట్టడం బరువుతో చేర్చి ఒక ద్రవ్యరాశిగా, ఎగిసిపడే నీటిని స్ప్రింగుకు కట్టిన మరో ద్రవ్యరాశిగా తీసుకుంటే, మిగిలేవి రెండే సమీకరణాలు. 8 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల లోతు నీరు ఉన్న గుండ్రని ట్యాంకులో నీరు ఒకసారి ఊగి రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. స్తంభాల ఊపు సాధారణంగా అంతకంటే చాలా వేగంగా ఉంటుంది కనుక రెండింటినీ విడివిడిగా లెక్కించవచ్చు. నీరు మూతను తాకేదాకా నిండితే ఎగిసిపడే చోటే ఉండదు. అప్పుడు ఒక్క ద్రవ్యరాశి చాలు. భూకంపాలను తట్టుకునేలా కట్టడానికి పాటించే భారత ప్రమాణం ఐఎస్ 1893 రెండో భాగంలోనూ ఈ రెండు ద్రవ్యరాశుల నమూనాయే ఉంది.

[తెరపై: బల్ల అంచున బిగించిన స్టీలు స్కేలు]

నీరు లేని కట్టడాలకైతే ఊపు రీతులే (మోడ్‌లు), అంటే కట్టడం తనంతట తాను ఊగే తీరులే, ఆధారం. స్కేలు కొసను మీటితే మొత్తం ఒకే వంపుగా ఊగుతుంది. రెండో రీతి దానికి 6.27 రెట్ల వేగంతో సాగుతుంది. అందులో బిగించిన చోటునుంచి 78 శాతం దూరాన ఒక బిందువు కదలకుండా నిలుస్తుంది. గాలి, భూకంపం ఎక్కువగా నెమ్మది రీతులనే కదిలిస్తాయి కనుక మొదటి కొన్నింటిని ఉంచుకుని తక్కినవి వదిలేస్తారు. అయితే వదిలే ముందు బలం ఏ వేగంతో తాకుతుందో చూడకపోవడం, నా దృష్టిలో, క్షమించరాని తప్పు: కట్టడానికి బిగించిన మోటారు తిరిగే వేగం వదిలేసిన రీతి వేగంతో కలిస్తే ఊపు విపరీతంగా పెరుగుతుంది, ఆ ప్రమాదం చిన్న నమూనాలో కనిపించనే కనిపించదు.

స్తంభం, దూలం కలిసే మూలలో పగులు వస్తుందా అన్న ప్రశ్నకు కూడా రెండు ద్రవ్యరాశులు జవాబు చెప్పలేవు. అవి తేల్చిన బలాన్ని తీసుకుని, ఆ ఒక్క మూలను మాత్రం పెద్ద నమూనాలో సూక్ష్మంగా పరీక్షించాలి.