ఎపిసోడ్ 37: ఎగిరిపడ్డాక

మాధవి: ఇవాళ్టి సంగతి, హార్డ్ ల్యాండింగ్, అంటే నేలకి గట్టిగా గుద్దుకుని దిగడం, అయ్యాక విమానాన్ని ఎలా పరీక్షించాలి. శేఖర్ గారూ, మీరు ట్రిమ్ (చేతి బలం లేకుండా ముక్కుని నిలిపే సర్దుబాటు) ఊసెత్తినప్పుడల్లా డబ్బులు వెయ్యాల్సిన డబ్బా నా పక్కనే ఉంది.

శేఖర్: నేనింకా నోరే తెరవలేదమ్మా.

మాధవి: సెస్నా 172 అనే చిన్న విమానం ముక్కు చక్రం మీద పడింది. ముందు ఎక్కడ చూడాలి?

శేఖర్: ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ. ముక్కు చక్రం కాలు, అదే స్ట్రట్, బిగించింది దానికే. రేకు ముడతపడిందా, రివెట్ల చుట్టూ నల్లటి మరకలున్నాయా చూడాలి. అసలు ముక్కు మీద ఎందుకు పడుతుందంటావ్?

మాధవి: వచ్చేశారు.

శేఖర్: ఫైనల్‌లో, అంటే రన్‌వేకి సూటిగా దిగుతూ వచ్చే చివరి దారిలో, వేగం 65 నాట్లుండాల్సింది 75తో వస్తారు. అది దిగదు, తేలుతూ పోతుంది. ఓపిక పట్టలేక చేతిలోని స్టీరింగ్ లాంటి యోక్ ముందుకి తోసి నేలకి ఆనిస్తారు. ముక్కు ముందు తగులుతుంది. ఆ 75 ఎందుకొచ్చింది? ట్రిమ్...

మాధవి: వెయ్యండి!

శేఖర్: వేస్తాలే. ట్రిమ్ చెయ్యకపోతే యోక్ లాగిపట్టుకునే రావాలి. చెయ్యి సడలిందా, ముక్కు వాలి వేగం పెరిగిందే.

మాధవి: ఒప్పుకోను. చక్కగా 65తో వచ్చి కూడా ధబ్బుమని పడేస్తారు. తప్పు చూపులో ఉంది. ముక్కు ముందున్న నేలనే చూస్తే అది మీదికొచ్చేస్తున్నట్టుంటుంది. దాంతో 15 అడుగుల ఎత్తులోనే ఫ్లేర్, అంటే నేల తాకేముందు చెయ్యాల్సిన ముక్కు ఎత్తడం, చేసేస్తారు. వేగం చచ్చాక అక్కణ్ణుంచి రాయిలా పడుతుంది. చూపు రన్‌వే ఆ చివరికి పోవాలి.

శేఖర్: అది వెనక చక్రాల మీద పడటం. వాటి ఉక్కు కాళ్ళు వంగి ఓర్చుకుంటాయి.

మాధవి: ఓర్చుకుని, తిరిగి పైకి విసురుతాయి!

శేఖర్: చిన్న ఎగురైతే ముక్కు ఉన్నచోటే ఉంచి, కాస్త పవర్ ఇచ్చి మళ్ళీ ఫ్లేర్ చెయ్యాలి. పెద్దదైతే ఇంజిన్‌కి ఫుల్ థ్రాటిల్, రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ 20 డిగ్రీలకి, 60 నాట్లతో పైకి. ఎగురు వెంటపడి యోక్ ఆడిస్తే చెయ్యెప్పుడూ ఓ క్షణం వెనకే. ప్రతి ఎగురూ పెద్దదై, చివరికి ప్రొపెల్లర్ నేల తాకుతుంది.

మాధవి: ఫుల్ థ్రాటిల్ అన్నారుగా, అప్పుడు మీ ముద్దుల ట్రిమ్మే ముక్కుని ఆకాశానికెత్తేస్తుంది. తొయ్యకపోతే స్టాల్, రెక్కలకి గాలి పట్టు తప్పి పడిపోతుంది.

శేఖర్: ...అది నిజమే. గట్టిగా తొయ్యాలి. ఆ తర్వాత ముందుకి ట్రిమ్...

మాధవి: రెండు!

శేఖర్: నవ్వకు. ప్రొపెల్లర్ తాకితే నవ్వులాట కాదు. బ్లేడు సాపుచేసి ఎగిరితే ఊరుకోరు. లైకమింగ్ కంపెనీ ఇంజినైతే వెనక క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) గేర్ విప్పి, దాన్ని పట్టి ఉంచే బోల్టూ డోవెల్ పిన్నూ చూడాల్సిందే. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 2004 ఆదేశంలోనే ఉంది.

మాధవి: టైర్లూ బ్రేకులూ మిగిలిపోయాయి.

శేఖర్: ఆ డబ్బాలో ఎంతుందో చూడు ముందు.