నొప్పులకి కూడా ట్యూషనా? బర్త్ క్లాసులపై నా రివ్యూ

హాయ్ అండీ, నమస్తే. బాబుకి మూడో నెల వచ్చింది. ఇప్పుడే పడుకున్నాడు, లేచేలోపు ఈ వీడియో అయిపోవాలి. కాన్పుకి ముందు మేమిద్దరం బర్త్ క్లాసులకి వెళ్ళాం, అంటే నొప్పుల్ని ఎలా తట్టుకోవాలో నేర్పే క్లాసులు. నాకు ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) లేకుండా నార్మల్ అయిందని తెలిసినప్పటి నుంచి కడుపుతో ఉన్న ఫ్రెండ్స్ అందరూ ఒకటే అడుగుతున్నారు: "ఆ క్లాసుల వల్లేనా? మేమూ చేరాలా?"

ముందే చెప్తున్నా, ఇది స్పాన్సర్డ్ కాదు. ఆరు క్లాసులు, ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలు, మా డబ్బే కట్టాం. నాకు ఏడో నెలలో మొదలైంది, ఆదివారం ఆదివారం వెళ్ళేవాళ్ళం.

చేరుతున్నానని ఫోన్‌లో చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నొప్పులు పడడానికి కూడా ట్యూషన్ పెట్టించుకున్నావా తల్లీ?" అంది. నవ్వొచ్చింది గానీ, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మన గవర్నమెంట్ ఆస్పత్రుల్లో రోజూ ఎంతమంది ఎపిడ్యూరల్ అన్న మాటే వినకుండా కంటున్నారు! వాళ్ళు దానికి నాచురల్ బర్త్ అని పేరు పెట్టరు. కాన్పు అంటారు, అంతే.

సరే, క్లాసులో ఏం చెప్పారు? మొదటి రెండు క్లాసులూ నాకు బోర్. గర్భసంచి బొమ్మలు, గర్భసంచి ద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంటే ఏమవుతుంది, ఇవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. లెక్కపెట్టి ఊపిరి తీసి వదిలే లమాజ్ బ్రీతింగ్ కూడా నేర్పారు. 1950ల్లో ఫెర్నాండ్ లమాజ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ సోవియట్ రష్యాలో చూసొచ్చి ఫ్రాన్స్‌లో మొదలుపెట్టిన పద్ధతి అది. సినిమాల్లో చూపించే "హీ హీ హూ" అదే. నిజం చెప్పాలంటే నొప్పులు గట్టిపడ్డాక ఆ లెక్కలేవీ నాకు గుర్తులేవు. మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదలడం ఒక్కటే మిగిలింది.

మూడో క్లాసు మాత్రం మర్చిపోలేను. అందరి చేతుల్లో ఒక్కో ఐస్ ముక్క పెట్టి, గుప్పిట మూసి ఒక నిమిషం పట్టుకోమన్నారు. ఒక నొప్పి దాదాపు అంతసేపే ఉంటుందట. మొదటిసారి అందరం గడియారం చూస్తూ కూర్చున్నాం. ఇరవై సెకన్లకే మా ఆయన వదిలేశారు, నీళ్ళు కారి ప్యాంటు తడిసింది, పక్కవాళ్ళు ఒకటే నవ్వు. రెండోసారి కళ్ళు మూసుకుని ఊపిరి మీదే ధ్యాస పెట్టమన్నారు. ఐస్ అదే, చల్లదనం అదే, కానీ నిమిషం గడిచింది. నొప్పి తగ్గదు అండీ. దాంతో కొట్లాడడం తగ్గుతుంది. ఆ తేడా నాకు ఆ తడి గుప్పిట్లోనే అర్థమైంది.

అసలు లాభపడింది మా ఆయనే. అరచేతి కింది భాగంతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, నడుం కింద ఎముక మీద ఎలా నొక్కాలో నాలుగో క్లాసులో నేర్పారు. కాన్పు రాత్రి నాకు నడుం నొప్పే ఎక్కువ. నొప్పి వచ్చిన ప్రతిసారీ మంచం పట్టీ పట్టుకుని వంగేదాన్ని, ఆయన వెనకనుంచి నొక్కేవారు. ఆయన పేపర్లమీద సంతకాలకి వెళ్ళినప్పుడు అమ్మ వచ్చి నొక్కింది. "ఇక్కడేనా, ఇంకా కిందకా?" అని అడుగుతూ! ట్యూషన్ అని వెక్కిరించింది ఆవిడే మరి.

హాస్పిటల్‌కి ఎప్పుడు బయల్దేరాలో కూడా అక్కడే నేర్చుకున్నాం. తొలిచూలు అయితే, నొప్పులు ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరమన్నారు. ఉమ్మనీరు పోయినా, బ్లీడింగ్ అయినా, బిడ్డ కదలికలు తగ్గినా ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే వెళ్ళాలి. దూరం, ట్రాఫిక్ కూడా చూసుకోండి. మాకు దొంగ నొప్పులకి ఒకసారి వెళ్ళి తిరిగొచ్చే పని తప్పింది.

ఇక క్లాసు ఎక్కడ ఓడిపోయిందో చెప్తా. పక్కకి తిరిగి పడుకోవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బంతి మీద ఊగచ్చు అని ఎంత ప్రాక్టీస్ చేశామో! మా హాస్పిటల్‌లో చివరికొచ్చేసరికి "వెల్లకిలా పడుకోమ్మా" అన్నారు. అంతే. నేను గొడవ పెట్టుకునే స్థితిలో ఉన్నానా? కుట్లు కూడా పడ్డాయి. మధ్యలో నొప్పులు పెరగడానికి డ్రిప్ పెడతామన్నప్పుడు మాత్రం మా ఆయన క్లాసులో చెప్పినట్టే "బేబీకి ఏమైనా ఇబ్బందా? ఇంకో గంట చూడొచ్చా?" అని అడిగారు. డ్యూటీ డాక్టర్ గుండె చప్పుడు చూసి, సరే అన్నారు. ఆ గంటలోనే నొప్పులు బలంగా అందుకున్నాయి.

అందుకే నా మాట ఇది: క్లాసు వెతకడానికి ముందు హాస్పిటల్ వెతకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేట్ ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రాలో మొత్తం మీద 42.4. సిజేరియన్ తప్పని కేసులు ఉంటాయి, నేను కాదనట్లేదు. కానీ పదిలో ఎనిమిది ఆపరేషన్లయ్యే చోట మీ బ్రీతింగ్ ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?

చెకప్‌కి వెళ్ళినప్పుడు అడగండి: లేబర్ రూమ్‌లోకి నాతో ఒకరిని రానిస్తారా? నొప్పుల్లో నడవనిస్తారా? మొదటి నార్మల్ కాన్పుకి బిడ్డ బయటికొచ్చే దారి దగ్గర అందరికీ కోత పెడతారా, అవసరమైతేనే పెడతారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2018లోనే గర్భిణి కోరుకున్న మనిషిని తోడు ఉంచమని, కోత అందరికీ అలవాటుగా పెట్టొద్దని చెప్పింది. మీరేమీ గొంతెమ్మ కోరికలు కోరట్లేదు. "అప్పుడు చూద్దాంలేమ్మా" అని నవ్వేస్తే, తొమ్మిది వేలు క్లాసుకి కట్టకండి. ముందు హాస్పిటల్ మార్చుకోవచ్చేమో చూడండి.

ఇవన్నీ ఒప్పుకునే చోటు దొరికి, లోపలికి మీ ఆయన వస్తారంటే చేరండి, ఇద్దరూ కలిసి. మీ ఆయనకి ఆదివారాలు ఖాళీ లేకపోతే అమ్మనో అక్కనో తీసుకెళ్ళండి. ఒక్కరే వెళ్తే మాత్రం సగం డబ్బు వేస్ట్, ఎందుకంటే మీ నడుం మీరు నొక్కుకోలేరు కదా. రెండో కాన్పు, మొదటిది నార్మలే అయిన వాళ్ళకి నా ఉద్దేశంలో అక్కర్లేదు. మొదటిది సిజేరియన్ అయ్యుంటే ఆ సంగతి వేరు, అది మీ డాక్టర్ తేల్చాల్సిందే.

అదిగో, లేచాడు. ఉంటానండీ.