పొగ మానేశాక రక్తంలో ఏం జరుగుతుంది?

శ్రోతలకు నమస్కారం. గుంటూరు చుట్టుపక్కల పొగాకు అంటే పంట, వ్యాపారం, బతుకుతెరువు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం కూడా గుంటూరులోనే ఉంది. ఆ పొగ గుండెకు చేటని వినని వాళ్ళుండరు. అయితే అది మన డీఎన్‌ఏ మీద గుర్తులు పెడుతుందని, మానేస్తే వాటిలో చాలా గుర్తులు పోతాయని తెలిసినవాళ్ళు తక్కువ. ఈ పూట ఆ సంగతే.

డీఎన్‌ఏ అక్షరాల్లో సైటోసిన్ అనేది ఒకటి. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు కలిసిన మిథైల్ గుంపు దానికి అతుక్కుంటుంది. అదే మిథైలేషన్. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీకి, అంటే బస్తాకు, కట్టే చీటీ లాంటిదనుకోండి. లోపలి కాయ మారదు, ఏ టిక్కీ విప్పాలో ఏది విప్పకూడదో చీటీ చెబుతుంది. జన్యువు మొదట్లో చీటీలు ఎక్కువైతే సాధారణంగా ఆ జన్యువు పనిచేయకుండా ఆగిపోతుంది.

ఒక్క జన్యువు గురించి వివరంగా చెబుతాను. దాని పేరు ఎఫ్‌2ఆర్‌ఎల్‌3. రక్తం గడ్డకట్టేటప్పుడు పుట్టే త్రాంబిన్ అనే పదార్థాన్ని గుర్తుపట్టే ఒక ప్రోటీన్ దీని నుంచి తయారవుతుంది. ఆ ప్రోటీన్ రక్తంలోని ప్లేట్‌లెట్లనే చిన్న కణాల మీద ఉంటుంది. త్రాంబిన్ తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గడ్డ కడతాయి. చెయ్యి తెగినప్పుడు అది మేలే. అదే గడ్డ గుండె రక్తనాళంలో కడితే గుండెపోటు.

2011లో జర్మనీ పరిశోధకులు చూస్తే, పొగ తాగేవాళ్ళ రక్తంలో ఈ జన్యువు దగ్గర మిథైల్ సుమారు 12 శాతం తక్కువగా ఉంది. ఆ తర్వాత గుండెజబ్బు ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. మిథైల్ తగ్గినవాళ్ళలో మరణాలు ఎక్కువ. ఇక్కడ తొందరపడకూడదు. వాళ్ళు కొలిచింది తెల్లకణాల్లో. ప్లేట్‌లెట్లకు డీఎన్‌ఏ ఉండే కేంద్రకమే ఉండదు. కాబట్టి గడ్డ కట్టించేది ఈ గుర్తే అని చెప్పడానికి లేదు. ఎంత పొగ తాగామో ఒంట్లో రాసి ఉన్న లెక్క అని మాత్రం చెప్పవచ్చు.

మానేస్తే? 2016లో దాదాపు 16 వేల మంది రక్తం పరిశీలించిన అధ్యయనం వచ్చింది. మానేసిన 5 ఏళ్ళలో చాలా గుర్తులు మామూలు స్థితికి వచ్చేశాయి. కొన్ని మాత్రం 30 ఏళ్ళు గడిచినా పోలేదు. అందుకే రేపు మానడం కన్నా ఇవాళ మానడం మేలు.

తగ్గించాం కదా, రోజుకు ఒక్కటే కదా అంటారు. గుండె విషయంలో ఆ ఒక్కటీ చిన్నది కాదు. రోజుకు 20 కాల్చేవాళ్ళకు గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి కాల్చేవాళ్ళకు అందులో దాదాపు సగం పెరుగుతుందని 2018లో తేలింది. తగ్గించడం కాదు, మానాలి. పూర్తిగా మానాలి.

మిథైలేషన్ సరిచేస్తామంటూ అమ్మే మాత్రల జోలికి వెళ్ళకండి. అలాంటి మాత్రల్లో ఉండే ఫోలిక్ యాసిడ్, బీ12 ఇచ్చి పెద్ద ఎత్తున పరీక్షించారు. రక్తంలో ఎక్కువైతే గుండెకు చేటనుకునే హోమోసిస్టీన్ అనే పదార్థం తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. ఆ డబ్బు పొగ మానడానికి నమిలే నికోటిన్ గమ్‌కు పెట్టండి.

ఆ గమ్ వాడేటప్పుడే చాలామంది పొరపడతారు. మామూలు చూయింగ్‌గమ్‌లా గబగబా నమిలి ఉమ్మి మింగేస్తారు. నికోటిన్ ఎక్కాల్సింది నోటి పొర నుంచి. కడుపులోకి పోతే ఎక్కిళ్ళు, మంట వస్తాయి, కోరిక తగ్గదు. గమ్ పనిచేయడం లేదని మళ్ళీ సిగరెట్ పట్టేస్తారు. నెమ్మదిగా నమలండి. నోట్లో చురుక్కుమనగానే నమలడం ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టండి. చురుకు తగ్గాక మళ్ళీ కాస్త నమిలి ఇంకోచోట పెట్టండి. ఒక్క గమ్ అరగంట ఉండాలి. వేసుకునే 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, టీ, కూల్‌డ్రింకు వద్దు. నోట్లో పులుపు చేరితే నికోటిన్ సరిగా ఎక్కదు.

నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటుంటే 4 మిల్లీగ్రాముల గమ్, లేకపోతే 2 మిల్లీగ్రాములది. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టండి. మానడానికి సాయం కావాలంటే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800 112 356. మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి: 1800 112 356.