లక్క బొమ్మలు అమ్మేవాళ్లకు ఈ లైట్ బాక్స్ పనికొస్తుందా?

నమస్తే అండీ! ఇదిగో, చాలామంది అడుగుతున్న ఫొటో లైట్ బాక్స్, అంటే వస్తువుని లోపల పెట్టి ఫొటో తీసుకోవడానికి లైట్లు బిగించిన పెట్టె. పేరు డబ్బా మీద కనిపిస్తూనే ఉంది. రివ్యూ కోసం కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు, డబ్బులైతే ఇవ్వలేదు. కింద లింక్‌లో కొంటే నాకు కాస్త కమిషన్ వస్తుంది. ముందే చెప్పేస్తే మీకూ నాకూ మొహమాటం ఉండదు.

సైజు ఎంత, ఎన్ని ఎల్‌ఈడీలు, ఎన్ని వాట్లు, ఇవన్నీ ఈపాటికి మీరు చూసేసే ఉంటారు. విప్పడం తేలికే, మడవడమూ తేలికే. వెలుగు తగ్గించే నాబ్ బాగానే తిరుగుతోంది. నాకు కావాల్సింది ఒక్కటే. ఏటికొప్పాక లక్క బొమ్మ ఇందులో ఎలా కనిపిస్తుంది?

కొత్తగా చూస్తున్నవాళ్లకు చెప్తాను. నాకు బయట షాపు లేదు, అమ్మకమంతా ఆన్‌లైన్‌లోనే. లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు అమ్ముతాను, కొన్ని కొండపల్లి బొమ్మలు కూడా. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. దాని మీద మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. ఎగ్జిబిషన్‌లో అయితే కస్టమర్ బొమ్మని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఆ నునుపు చూసి కొంటారు. ఫోన్‌లో ఆ పనంతా ఫొటోయే చెయ్యాలి.

ఇప్పుడు ఈ భరిణె చూడండి, జూమ్ చేస్తున్నా. పొట్ట మీద వరసగా తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయా? అవి పైన ఉన్న ఎల్‌ఈడీలు. ఒక్కో బల్బూ విడివిడిగా లక్క మీద పడుతోంది. పక్కన ఉన్నది ఇదే భరిణె, మా ఇంట్లో కిటికీ దగ్గర తీసింది. మెరుపు ఒకటే మెత్తటి గీతగా పైనుంచి కిందకి జారింది కదా? ఆ గీత వల్లే భరిణె గుండ్రంగా, చేత్తో చేసినట్టు కనిపిస్తుంది. చుక్కలు పడ్డ ఫొటోలో అదే భరిణె ప్లాస్టిక్ డబ్బీలా ఉంది. ప్లాస్టిక్‌లా కనిపించాక మన ధర ఎవరికి నచ్చుతుందండీ? "ఇంత రేటా?" అని మెసేజ్ పెట్టి వెళ్లిపోతారు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆ బల్బుల కింద ఒక పల్చటి తెల్ల షీట్ బిగిస్తే చాలు, ఈ గొడవే ఉండదు. దానికి ఎంత ఖర్చవుతుంది? అది మానేసి, డబ్బాలో ఆరు రంగుల బ్యాక్‌గ్రౌండ్ షీట్లు పెట్టారు. అవీ మడతలు పెట్టి! ఆ మడత గీత ప్రతి ఫొటోలోనూ పడుతోంది. నేను బటర్ పేపర్ అంటించి చూశాను. చుక్కలు చాలావరకు పోయాయి, కానీ వెలుతురు తగ్గిపోయింది. ఇక ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి తియ్యాల్సిందే. డబ్బులు పెట్టి కొనే వస్తువుకి ఇంటి వైద్యం చేసుకోవడం ఏమిటండీ?

దీనికి ముందు రింగ్ లైట్ వాడేదాన్ని. అదింకా ఘోరం, ప్రతి బొమ్మ నుదుటా ఒక సున్నా. రంగులు కూడా పాడుచేసేది. లక్కలో కలిపే జాఫ్రా గింజల నారింజ రంగు ఇటుక రంగులో కనిపించేది. పసుపు, నీలిమందు రంగులకీ అదే గతి. "ఫొటోలో ఒకలా, చేతికొచ్చాక ఇంకోలా ఉంది" అని పార్శిల్ వెనక్కి వచ్చేది. రిటర్న్ అంటే కొరియర్ ఖర్చు రెండువైపులా మనదే. పైగా కొరియర్‌వాళ్లు చాలామంది పెట్టె సైజు కూడా లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చిందే కిలోల్లో బరువు అంటారు. 30, 25, 20 పెట్టె అయితే 3 కిలోల లెక్క. లోపలున్న లక్కపిడతలు అర కిలో కూడా ఉండవు!

రంగుల విషయంలో మాత్రం ఈ బాక్స్‌కి వంక పెట్టలేను. సీఆర్ఐ 95 అని రాశారు. 100కి ఎంత దగ్గరైతే రంగులు అంత సహజంగా కనిపిస్తాయన్నమాట. ఆ నారింజ నారింజలాగే వచ్చింది. ఒక్క జాగ్రత్త, గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేసి తీయండి. రెండు రకాల వెలుగు కలిస్తే ఫోన్ తికమకపడుతుంది. అమెజాన్‌లో పెట్టేవాళ్లకి మొదటి ఫొటో వెనక పూర్తి తెలుపే ఉండాలి, ఆ తెలుపు ఇందులో సులువుగా వస్తుంది. ఇన్‌స్టాలో కొనేవాళ్లకి ఆ తెలుపు అక్కర్లేదు. వాళ్లకి బొమ్మల కొలువులో పెట్టినట్టు ఉంటేనే ఇష్టం. రెండో ఫొటోలో బొమ్మ పక్కన చెయ్యి ఉండేలా చూసుకోండి. లక్కపిడతలు ఇంత చిన్నవా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కొండపల్లి బొమ్మలకి ఇంత మెరుపు ఉండదు కాబట్టి చుక్కల బాధ లేదు. ఏనుగు అంబారీ చాలా బాగా వచ్చింది. దశావతారాల సెట్టు మాత్రం ఇందులో పట్టలేదు, చివర కల్కి బయటే ఉండిపోయాడు.

చేర్యాల మాస్కులు, కొండపల్లి బొమ్మలు, గుడ్డ బొమ్మలు అమ్మేవాళ్లు కొనుక్కోండి. లక్క బొమ్మలవాళ్లు కొనకండి. నేరుగా ఎండ పడని కిటికీ, ఒక తెల్ల చార్టు, ఎదురుగా ఒక థర్మోకోల్ షీట్ ఉంటే దీనికన్నా మంచి ఫొటో వస్తుంది. వానాకాలం చీకటి రోజుల్లో ఏం చెయ్యాలని అడుగుతారు కదా, అప్పుడు నేనూ దీన్నే వాడతాను, బటర్ పేపర్ తగిలించి. కంపెనీవాళ్లు చూస్తుంటే, వచ్చే మోడల్‌లో ఆ రంగు షీట్లు తీసేసి బల్బుల కింద తెల్ల షీట్ పెట్టండి, మళ్లీ రివ్యూ చేస్తాను. లింక్ కిందే ఉంది, కొనేముందు మీ బొమ్మకి మెరుపుందో లేదో చూసుకుని నొక్కండి.