టూ స్ట్రోక్ డర్ట్ బైక్‌కి రెండు ఆయిల్స్: ఏది ఎక్కడ, ఎంత పోయాలి

నమస్తే అందరికీ. అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. బండి స్టాండ్ మీద ఉంది, చూస్తున్నారు కదా. యమహా వైజెడ్ 125, పాతది. నిన్న తిప్పిన ఎర్రమట్టి ఇంకా దాని మీదే ఉంది. కడగడం తర్వాత. ఈరోజు ఆయిల్ పని.

ఇవి రెండు డబ్బాలు. ఎడమ చేతిలో ఉన్నది టూటీ ఆయిల్, పెట్రోల్లో కలిపేది. కుడి చేతిలో ఉన్నది గేర్‌బాక్స్‌లో పోసేది. ఈ రెండూ బండి లోపల ఎక్కడా కలవవు, కలవకూడదు. స్ప్లెండర్ లాంటి ఫోర్ స్ట్రోక్ బండిలో అయితే ఇంజిన్‌కి, గేర్లకి, క్లచ్‌కి ఒకటే ఆయిల్. టూ స్ట్రోక్‌లో అట్ల కుదరదు. పెట్రోలు, గాలి కలిసి క్రాంక్‌కేస్ గుండానే, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది గుండానే, పైకి పోతాయి కాబట్టి అక్కడ ఆయిల్ నిల్వ ఉండే చోటే లేదు. క్రాంక్ బేరింగు, పిస్టను, రింగులు, వీటన్నిటికీ అందే తడి పెట్రోల్‌తో వచ్చిన ఆయిలే. పక్కన గోడ అవతల గేర్లు, క్లచ్ ప్లేట్లు. వాటి ఆయిల్ వాటిదే.

సరే, ముందు టూటీ. డబ్బా వెనక్కి తిప్పండి. తమ్ముడూ, కెమెరా దగ్గరికి తీసుకురా, ఇంకా, ఆ, అక్కడ. జాసో ఎఫ్‌డీ. ఇది చూడాలి. జాసో అంటే జపాన్ వాళ్ల ప్రమాణం, అందులో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని గ్రేడులు ఉంటాయి. ఎఫ్‌సీ అంటే పొగ తక్కువ. ఎఫ్‌డీ అంటే పొగ తక్కువే, పైగా వేడిలో పిస్టన్‌ని శుభ్రంగా ఉంచే గుణం కూడా ఎక్కువ. మన ఎండలకి, మనం తిప్పే తిప్పుడికి నేను ఎఫ్‌డీ కంటే కిందికి దిగను. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే అది పడవ ఇంజిన్లది. బయటి చల్లటి నీళ్లు లాగి చల్లబడుతూ తక్కువ వేడిలో నడిచే ఇంజిన్ల కోసం చేసింది, మనకు వద్దు.

కొన్ని రేసింగ్ ఆయిల్స్‌లో ఆముదం ఉంటుంది. అవును, మన ఆముదమే, ఆదోని యార్డుకి బస్తాల్లో వచ్చే ఆముదాలే. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచే వచ్చింది. వేడికి బాగా నిలబడుతుంది, ఆ వాసన అంటే నాకు ప్రాణం. కానీ లోపల జిగురు కడుతుంది, తరచూ విప్పి శుభ్రం చేసుకునే ఓపిక ఉన్నవాళ్లకే అది. మామూలు ఆయిల్‌తో దాన్ని కలపొద్దు, విడిపోతుంది. ఇంట్లో ఉన్న ఆముదం సీసా మాత్రం అస్సలు ముట్టుకోవద్దు, అది ఇంజిన్ కోసం శుద్ధి చేసింది కాదు.

ఇప్పుడు కొలత. నా బండికి 30కి 1, అంటే 30 పాళ్లు పెట్రోలుకి ఒక పాలు ఆయిలు. అంటే లీటరుకి 33 మిల్లీ చిల్లర. ఆ చిల్లరతో ఎందుకు తంటా? మూడు లీటర్ల పెట్రోలు, నూరు మిల్లీ ఆయిలు. అంతే. మీ బండి మాన్యువల్‌లో 40కి 1 ఉంటే లీటరుకి 25 మిల్లీ, 50కి 1 ఉంటే 20 మిల్లీ. నేను వాడేది ఇదిగో, పశువుల మందుల షాపులో దొరికే 50 మిల్లీ సిరంజి. రెండుసార్లు లాగితే నూరు. దీన్ని మించిన సాధనం లేదు నాకు. మూత కొలతలు, అందాజా కొలతలు వద్దు. రబ్బరు ఉబ్బి బిగుసుకుంటే సిరంజి మార్చేయండి.

క్యాన్‌లో సగం పెట్రోలు, ఆయిలు, మిగతా పెట్రోలు. ఊపండి. అయిపోయింది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్‌కి తేమ పీల్చుకునే గుణం ఉంది, కాబట్టి కలిపింది నేను రెండు వారాలు దాటనివ్వను. క్యాన్ మీద తేదీ రాసుకుంటా, కనపడుతోందా? ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లలో ఆయిల్ పంపు విడిగా ఉంటుంది, ఆ పంపు తీసేయకుండా ఉంటే ఈ కలిపే పనే లేదు. విడి ట్యాంకులో పోయడమే.

ఒకటి చెప్పాలి. ఇంజిన్ మీద ప్రేమతో ఆయిల్ కొంచెం ఎక్కువ పోస్తారు చాలామంది. జెట్ అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రం, దాని గుండా పోయేది కొలతగా పోతుంది. అందులో ఆయిల్ ఎక్కువైతే పెట్రోల్ తగ్గుతుంది, మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ, ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. కొలత మారిస్తే జెట్ కూడా చూసుకోవాల్సిందే. అట్లే సైలెన్సర్ చివర నల్లటి జిడ్డు కారుతుంటే వెంటనే ఆయిల్ తగ్గించకండి. ఎక్కువసార్లు తప్పు జెట్‌ది అయ్యుంటుంది, మిశ్రమం రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువై ఉండి, ఆయిల్ కాలక బయటికి వస్తుంది.

ఇప్పుడు గేర్‌బాక్స్. ఇక్కడ నిదానంగా పోదాం, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

రెండేళ్ల కిందట మా బావ కారు సర్వీసింగ్‌లో మిగిలిన ఆయిల్ ఇచ్చినాడు. ఫుల్ సింథటిక్, మందం నెంబరు 5డబ్ల్యూ30, ఖరీదైనది. మంచి ఆయిలే కదా అని గేర్‌బాక్స్‌లో పోసేసినా. మొదటి అరగంట గేర్లు వెన్నలాగా పడినాయి. తర్వాత తాడిపత్రి దగ్గర పెన్నలో ఇసుకలోకి దిగినా. మూడో గేరు, ఫుల్ థ్రాటిల్. ఇంజిన్ గొంతు పైకి లేస్తోంది, బండి మాత్రం ముందుకు పోదు. టెన్షన్ వచ్చేసింది. క్లచ్ కేబుల్ వదులైందేమో అని అక్కడే సర్దినా. మారలేదు. ఇంటికొచ్చి స్ప్రింగులు మార్చినా. ఊహూఁ. వారం రోజులు అన్నీ విప్పినా గానీ ఆయిల్ మీద అనుమానమే రాలేదు, అది కొత్తది కదా.

చివరికి క్లచ్ విప్పితే, ఇదిగో, ఆ ప్లేటు దాచిపెట్టినా. వెలుగులో చూపిస్తా. ఇది స్టీల్ ప్లేటు, అంచు దగ్గర నీలం రంగు, కనపడుతోందా? జారి జారి కాలిన మచ్చ అది. కారు క్లచ్ పొడిగా ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ దాన్ని తాకదు. కాబట్టి మైలేజీ కోసం చాలా కారు ఆయిల్స్‌లో జారుడు పెంచే మందు కలుపుతారు. మన క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, దానికి పట్టు కావాలి. ఆ మందు ఫైబర్ ప్లేట్లలోకి ఇంకిపోయింది. సరైన ఆయిల్ రెండుసార్లు మార్చినా జారుడు పోలేదు, ప్లేట్ల సెట్టు మొత్తం కొత్తది వేస్తే గానీ బండి దారికి రాలేదు.

అందుకే డబ్బా మీద మందం నెంబరు కంటే ముందు నా కళ్లు వెతికేది ఇది: జాసో ఎంఏ, లేదా ఎంఏ2. తడి క్లచ్‌కి పనికొస్తుందని దానర్థం. ఎంబీ అని ఉంటే పక్కన పెట్టేయండి, అది స్కూటర్లకి. గుండ్రటి ఏపీఐ ముద్రలో, అంటే అమెరికా పెట్రోలియం సంస్థ ముద్రలో, కింద రిసోర్స్ కన్జర్వింగ్ అని ఉన్నా పక్కన పెట్టేయండి, అది మైలేజీ కోసం చేసిన రకం. ఆ తర్వాత మందం. నా మాన్యువల్‌లో 10డబ్ల్యూ40 ఉంది, అదే పోస్తా.

మరి గేర్ ఆయిల్ అని అమ్మేది వాడొద్దా అంటే, తడి క్లచ్‌కి పనికొస్తుందని రాసి, బైకుల గేర్‌బాక్స్ కోసమే చేసినవి ఉన్నాయి, అవి బాగుంటాయి. కారు, లారీ డిఫరెన్షియల్‌లో పోసే జీఎల్-5 వద్దు. దాంట్లోని గంధకం మందు ఇత్తడి, కంచు బుష్‌లని తినే ప్రమాదం ఉంది. ఇంకో గందరగోళం, 80, 90 అనే నెంబర్లు చూసి అమ్మో ఇంత చిక్కనా అనుకుంటారు. గేర్ ఆయిల్ లెక్క వేరు. అక్కడ 90 అంటే ఇంజిన్ ఆయిల్‌లో దాదాపు 40, 50 అంత మందమే.

మార్చేద్దాం. ఇంజిన్ కొంచెం వేడి చేసినా. కింద బోల్టు, పళ్లెం, వదిలేయండి, కారనీయండి. నేను అయిదారు గంటల రైడింగ్‌కి ఒకసారి మారుస్తా. ముక్కాల్ లీటరు లోపే పట్టే ఆయిల్, దాని మీద పీనాసితనం వద్దు.

కారిన ఆయిల్‌ని ఎండలో చూడండి. సన్నటి బూడిద మెరుపు ఉంది, పర్లేదు. బోల్టు అయస్కాంతానికి మెత్తటి పేస్టు, అదీ మామూలే. వేలితో రుద్దితే గుచ్చుకునే ముక్క తగిలితే మాత్రం ఆగాలి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టు, వాటర్ పంప్ సీల్ చూడాలి.

కొత్త వాషరు, బోల్టు. అల్యూమినియం మరలు, బలం చూపించొద్దు. మాన్యువల్‌లో ఉన్నంత కొలిచి పోసినా. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు, ఆపి అయిదు నిమిషాలు. బండి నిటారుగా పట్టుకో తమ్ముడూ. పక్కన ఈ చిన్న చెక్ బోల్టు విప్పితే, అదిగో, సన్నగా కారుతోంది. లెవెల్ సరిపోయింది.

ఈ బోల్టు ప్రతి రైడ్ ముందు విప్పి చూడండి. కింద ఎక్కడా చుక్క కారకుండా లోపల లెవెల్ తగ్గుతోంది, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తోంది అంటే, క్లచ్ వైపు క్రాంక్ సీల్, అంటే క్రాంక్‌కేస్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య ఉండే రబ్బరు సీల్, పోయినట్టే. గేర్‌బాక్స్ ఆయిల్‌ని ఇంజిన్ పీల్చి కాలుస్తోంది. ఆ పొగ చూసి టూటీ తగ్గిస్తే ఇంజిన్ పోతుంది. సీల్ మార్చాలి. గేర్‌బాక్స్ ఆయిల్ పెట్రోల్ వాసన వచ్చినా అనుమానం ఆ సీల్ మీదే.

కారడం ఆగింది. బోల్టు బిగించేస్తున్నా. ఆ గుడ్డ ఇటివ్వు తమ్ముడూ, పాత ఆయిల్ క్యాన్‌లోకి ఒంపి మూత పెట్టు, సాయంత్రం మెకానిక్ షాపులో డ్రమ్ములో పోసి వద్దాం.