ఎఫ్‌సిబి 1010 ఫుట్ కంట్రోలర్: కాలితో ప్రోగ్రామింగ్, మూత విప్పి చిప్ మార్పిడి

[తెర మీద: నేల మీద ఎఫ్‌సిబి 1010, పైనుంచి తీసిన షాట్. పక్కన అరచేతిలో పట్టేంత హెచ్‌ఎక్స్ స్టాంప్.]

ఈ పెద్ద పెట్టెలోంచి గిటార్ శబ్దం ఒక్క చుక్క కూడా పారదు. ముందు ఆ సంగతి తేల్చుకుందాం. బెహ్రింగర్ ఎఫ్‌సిబి 1010 వెనక రెండు జాక్‌లు కనిపిస్తాయి. చాలామంది గిటార్ కేబుల్ వాటిలో గుచ్చేసి, సౌండ్ రాలేదని తల పట్టుకుంటారు. అవి ఆంప్‌లో చానెల్ మార్చడానికి ఇచ్చిన రిలే స్విచ్‌లు. ఈ పెట్టె చేసేదల్లా ఒకటే: మీరు కాలితో నొక్కగానే మిడి (సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) కేబుల్ మీద రెండు మూడు బైట్ల కబురు పంపడం. ఆ కబురు అందుకుని సౌండ్ మార్చేది అవతలి ఎఫెక్ట్స్ యూనిట్. ఈ వీడియోలో అవతల ఉన్నది లైన్ 6 వారి హెచ్‌ఎక్స్ స్టాంప్. మీ దగ్గర వేరేది ఉంటే దాని మాన్యువల్ చివర్లో మిడి పట్టిక ఉంటుంది. నంబర్లు మారతాయి, పద్ధతి ఇదే.

[తెర మీద: 5 పిన్నుల మిడి కేబుల్ క్లోజప్. కంట్రోలర్ అవుట్ నుంచి స్టాంప్ ఇన్‌కి.]

కేబుల్ కంట్రోలర్ మిడి అవుట్ నుంచి స్టాంప్ మిడి ఇన్‌కి వెళ్లాలి. "అవుట్ నుంచి అవుట్‌కి" పెట్టి గంటసేపు వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1983లో వచ్చిన ఈ మిడి సెకనుకు 31,250 బిట్లు పంపుతుంది. మూడు బైట్ల కబురు చేరడానికి పట్టేది దాదాపు ఒక మిల్లీసెకను. కాబట్టి సౌండ్ మారడం ఆలస్యమైతే కేబుల్‌ని తిట్టకండి, అవతలి యూనిట్ తన ప్రీసెట్ (సేవ్ చేసిపెట్టిన సౌండ్) లోడ్ చేసుకోడానికి తీసుకునే సమయం అది.

ఇక లెక్క. 10 బ్యాంకులు, ఒక్కో బ్యాంకులో 10 స్విచ్‌లు, మొత్తం 100 ప్రీసెట్లు. ఈ పెట్టెలో ప్రీసెట్ అంటే సౌండ్ కాదు, ఒక స్విచ్ నొక్కితే వెళ్లే కబుర్ల కట్ట. ఒక్కో ప్రీసెట్ ఒకే నొక్కులో 5 ప్రోగ్రామ్ చేంజ్‌లు (అవతలి ప్రీసెట్ మార్చే కబుర్లు), 2 కంట్రోల్ చేంజ్‌లు (ఒక కంట్రోలర్ నంబరు, దానికో విలువ ఉండే కబుర్లు), ఒక నోట్ పంపగలదు. రెండు ఎక్స్‌ప్రెషన్ పెడళ్లు (కాలితో ముందుకీ వెనక్కీ వంచేవి) ఏ కంట్రోలర్ నంబరు పంపాలో కూడా ఆ ప్రీసెట్టే చెబుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

[తెర మీద: తెల్లకాగితం మీద పెన్నుతో గీసిన 10 గళ్లు.]

పెట్టె ఆన్ చేయకముందే కాగితం తీయండి. ఏ స్విచ్ ఏం చేయాలో, ఏ నంబరు వెళ్లాలో రాసుకోండి. హెచ్‌ఎక్స్ స్టాంప్‌కి ఒక పనికొచ్చే బ్యాంకు ఇలా ఉంటుంది. 1, 2, 3 స్విచ్‌లు మూడు స్నాప్‌షాట్లు (స్టాంప్‌లో ఒకే ప్రీసెట్ లోపల దాచుకున్న వేర్వేరు సెట్టింగ్‌లు): కంట్రోలర్ నంబరు 69, విలువలు వరసగా 0, 1, 2. నాలుగోది ట్యాప్ టెంపో (తాళానికి నొక్కి పాట వేగం చెప్పడం): నంబరు 64, విలువ 127. ఐదోది ట్యూనర్: నంబరు 68, విలువ ఏదైనా ఫరవాలేదు, ప్రతి నొక్కుకీ ట్యూనర్ వస్తుంది, పోతుంది. పై వరసలో 6, 7, 8: స్టాంప్ మీదున్న మూడు స్విచ్‌లనీ దూరం నుంచి నొక్కినట్టు. నంబర్లు 49, 50, 51. మిగిలిన 9, 10 ప్రీసెట్ మార్చడానికి ప్రోగ్రామ్ చేంజ్.

ప్రోగ్రామ్ చేంజ్ దగ్గర ఒక అంకె తేడా వస్తుంది. మిడిలో లెక్క 0 నుంచి 127. కొన్ని యూనిట్లు దాన్నే 1 నుంచి 128గా చూపిస్తాయి. స్టాంప్‌లో 0 పంపితే 01ఏ, 1 పంపితే 01బి వస్తాయి. మీరు అడిగినదాని పక్క ప్రీసెట్ వస్తోందంటే చెడిపోయింది ఏమీ లేదు, ఒకటి తీసేయండి, లేదా కలపండి.

[తెర మీద: క్లోజప్. బూటు కొన డౌన్ స్విచ్ మీద. మూడంకెల డిస్‌ప్లే.]

ఇప్పుడు కాలితో ప్రోగ్రామింగ్. బూటు విప్పి చేత్తో చేయండి, నడుము మిగులుతుంది. ఒకటో స్విచ్ నొక్కి ప్రీసెట్ ఎంచుకోండి. డౌన్ స్విచ్‌ని దాదాపు రెండున్నర సెకన్లు నొక్కి పట్టండి. ఎడిటింగ్‌లోకి వెళ్తుంది. ఇక్కడ్నుంచి అప్ అంటే ఎంటర్, డౌన్ అంటే వెనక్కి. అప్ నొక్కండి. ఇప్పుడు పది స్విచ్‌లకీ వేరే అర్థాలు: 1 నుంచి 5 ప్రోగ్రామ్ చేంజ్‌లు, 6, 7 కంట్రోల్ చేంజ్‌లు, 8, 9 రెండు పెడళ్లు, 10 నోట్. ఏ స్విచ్ లైటు వెలుగుతుంటే ఆ కబురు ఈ ప్రీసెట్లో ఉన్నట్టు. వద్దనుకున్నదాన్ని నొక్కి పట్టుకుంటే లైటు ఆరుతుంది, కావాల్సినదాన్ని నొక్కి పట్టుకుంటే వెలుగుతుంది. ముందు అనవసరమైనవన్నీ ఆర్పేయండి. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో మిగిలిపోయిన ప్రోగ్రామ్ చేంజ్ ఒక్కటి చాలు, మీరు స్నాప్‌షాట్ అడిగితే అది ప్రీసెట్టే మార్చేస్తుంది. తర్వాత 6 ఒకసారి నొక్కితే లైటు మిణుకుమిణుకుమంటుంది. అప్. అంకెల స్విచ్‌లతో కంట్రోలర్ నంబరు 69 కొట్టండి, పదో స్విచ్ సున్నా. అప్. విలువ 0 కొట్టి మళ్లీ అప్. అయిపోయాక డౌన్ నొక్కి పట్టి బయటికి రండి.

ఒక్క స్విచ్‌కి ఇంత తతంగం. వంద ప్రీసెట్లు ఇలా చేయమని ఎవరికీ చెప్పం. ఒకటి రెండు చేసి పద్ధతి అర్థం చేసుకుని, మిగతాది కంప్యూటర్‌లో ఎడిటర్ పెట్టి చేయడమే తెలివైన పని.

మిడి చానెల్ మాత్రం ప్రీసెట్‌లో ఉండదు. డౌన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే గ్లోబల్ సెటప్ వస్తుంది, ఒక్కో రకం కబురుకి చానెల్ అక్కడ పెట్టాలి. స్టాంప్ బేస్ చానెల్ 1 అయితే ఇక్కడా 1. కేబుల్ సరిగ్గా ఉన్నా స్టాంప్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మొదట చూడాల్సింది ఇదే.

[తెర మీద: కంప్యూటర్‌లో మిడి మానిటర్ విండో. ఒక వరస కనిపిస్తుంది: బి0 45 01.]

నమ్మకం కుదరకపోతే కంట్రోలర్‌ని యుఎస్‌బి-మిడి ఇంటర్‌ఫేస్‌తో కంప్యూటర్‌కి కలపండి. విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్ తెరవండి. రెండో స్విచ్ నొక్కితే ఈ వరస రావాలి. బి అంటే కంట్రోల్ చేంజ్. పక్కన సున్నా అంటే చానెల్ 1, ఇక్కడా లెక్క సున్నా నుంచే. 45 అనేది పదహారు మూలంగా రాసిన అంకె, మన లెక్కలో 69. చివరి 01 రెండో స్నాప్‌షాట్. దాని ముందు సి0తో మొదలయ్యే వరస ఇంకొకటి కనిపిస్తే, ఆర్పడం మరిచిపోయిన ప్రోగ్రామ్ చేంజ్ దొరికినట్టే.

ఎడిటర్‌తో పనిచేసేటప్పుడు మొత్తం మెమరీ ఒకే సిస్‌ఎక్స్ (మిడి మీద వెళ్లే పొడుగు డేటా కబురు) ఫైల్‌గా వస్తుంది, పోతుంది. గ్లోబల్ సెటప్‌లో కాన్ఫిగ్ లైటు వెలిగే వరకు అప్‌తో వెళ్లి, 6 నొక్కితే పెట్టె పంపుతుంది, 7 నొక్కితే అందుకోడానికి సిద్ధమవుతుంది. ఫైల్ సైజు 2,352 బైట్లు. ముప్పావు సెకనులో అయిపోవాలి. చవక యుఎస్‌బి-మిడి కేబుళ్లు ఇక్కడే దొరికిపోతాయి: చిన్న చిన్న కబుర్లు బాగానే మోస్తాయి గానీ, ఇంత పొడుగు కబురు వచ్చేసరికి మధ్యలో బైట్లు పారేస్తాయి. సేవ్ అయిన ఫైల్ సైజు చూడండి, ఒక్క బైటు తక్కువున్నా దాన్ని నమ్మకండి. ఎడిటర్‌లో బఫర్ తగ్గించి, మధ్యలో ఆలస్యం పెంచి చూడండి. అప్పటికీ కాకపోతే కేబుల్ మార్చాల్సిందే.

[తెర మీద: ఎక్స్‌ప్రెషన్ పెడల్ పక్కనుంచి. మడమ కిందకి, కాలి వేళ్లు కిందకి.]

పెడళ్ల దగ్గరికి వద్దాం. "మొదటి ప్రీసెట్లో వా ఎఫెక్ట్ పనిచేస్తుంది, రెండోదాంట్లో పెడల్ చచ్చిపోతుంది" అనేది ఈ పెట్టె మీద అందరూ చేసే ఫిర్యాదు. ముందే చెప్పుకున్నాం కదా, పెడల్ పని ప్రీసెట్ చెబుతుంది. రెండో ప్రీసెట్లో 8వ లైటు ఆరి ఉంటే పెడల్ ఏమీ పంపదు. ప్రతి ప్రీసెట్లోనూ పెట్టుకోవాలి. స్టాంప్‌లో మొదటి ఎక్స్‌ప్రెషన్‌కి నంబరు 1, రెండోదానికి 2. కనిష్ఠం 0, గరిష్ఠం 127. వాల్యూమ్‌కి వాడితే కనిష్ఠం 40 దగ్గర పెట్టండి, పాట మధ్యలో కాలు జారినా గిటార్ పూర్తిగా మాయం కాదు. రెండు అంకెలూ తారుమారు చేస్తే పెడల్ తిరగబడి పనిచేస్తుంది. ఇంకో సంగతి: కదిలినప్పుడే పెడల్ విలువ పంపుతుంది. ప్రీసెట్ మార్చాక పెడల్ ఉన్నచోటుకీ వినిపించే సౌండ్‌కీ పొంతన ఉండదు, కాలు పెట్టగానే సౌండ్ గభాలున ఎగురుతుంది. మార్చాక పెడల్‌ని ఒకసారి కొద్దిగా కదపడం అలవాటు చేసుకోండి.

పెడల్ పూర్తిగా తొక్కినా 127 రాకపోతే క్యాలిబ్రేషన్ తప్పింది. 1, 5 స్విచ్‌లు కలిపి నొక్కి పట్టి పవర్ ఆన్ చేస్తే ఆ వరస మొదలవుతుంది. పక్కనున్న 6 మీద కాలు పడనివ్వకండి. 1, 6 కలిపి నొక్కితే ఫ్యాక్టరీ రీసెట్, రాసుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

[తెర మీద: గోడ ప్లగ్ నుంచి పవర్ కార్డు తీస్తున్న చెయ్యి. తర్వాత తిరగేసిన పెట్టె.]

అసలు ఈ పెట్టెకి లోటెక్కడ? స్టాంప్ స్విచ్‌లని 49, 50, 51తో నొక్కించాం. డ్రైవ్ ఎఫెక్ట్ ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. కానీ లైటు చూడండి. ఒరిజినల్ ఫర్మ్‌వేర్‌కి (పెట్టెని నడిపించే లోపలి ప్రోగ్రామ్‌కి) ప్రతి స్విచ్చూ ప్రీసెట్టే, చివరగా నొక్కిన ఒక్కదాని లైటే వెలుగుతుంది. డ్రైవ్ ఆన్‌లో ఉందా, డిలే ఆన్‌లో ఉందా, కంటితో చూసి చెప్పలేం. ఈ ఒక్క కారణానికే చిప్ మార్పిడి. స్నాప్‌షాట్లతోనే బండి లాగించేవాళ్లు ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

ఫర్మ్‌వేర్ ఉండేది 28 కాళ్ల 27సి256 ఈప్రామ్ అనే మెమరీ చిప్‌లో. దాని బదులు పెట్టేవాటిలో ఎక్కువ పేరున్నది జేవియర్ డి డాండర్ తయారుచేసిన యూనో. దాని స్టాంప్‌బాక్స్ మోడ్‌లో కింది వరస ప్రీసెట్లు, పై వరస ఐదూ విడివిడి ఆన్-ఆఫ్ స్విచ్‌లు, దేని లైటు దానిదే. చిప్ డబ్బిచ్చి కొనాల్సిందే, కాపీ కొట్టిన ఇమేజ్‌ల (చిప్‌లోకి రాసే ప్రోగ్రామ్ ఫైళ్ల) జోలికి పోకండి.

లోపల 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, కార్డు పూర్తిగా పీకండి. సిస్‌ఎక్స్ బ్యాకప్ కూడా ఇప్పుడే తీసిపెట్టుకోండి, రేపు పాత చిప్ మళ్లీ పెట్టాలనిపిస్తే అదే దిక్కు. అడుగు స్క్రూలు విప్పండి. పొడుగువి ఏవి, పొట్టివి ఏవి అన్నది కాగితం మీద గుచ్చి పెట్టుకోండి.

[తెర మీద: బాగా దగ్గరగా. సాకెట్‌లో చిప్, ఒక చివర అర్ధచంద్రాకారపు గాటు.]

చిప్ మీద గాటు ఎటువైపుందో ఫోన్‌తో ఫొటో తీయండి. కొత్త చిప్ గాటు అటే ఉండాలి. తిరగేసి పెట్టి పవర్ ఇస్తే చిప్ కాలిపోవచ్చు. చిన్న చదును స్క్రూడ్రైవర్ కొన చిప్‌కీ సాకెట్‌కీ మధ్య దూర్చండి, సాకెట్‌కీ బోర్డుకీ మధ్య కాదు. ఒక చివర వెంట్రుకవాసి లేపి, రెండో చివర అంతే లేపి, మార్చి మార్చి తీయండి. ఒకే వైపు ఎత్తితే అవతలి కాళ్లు వంకర్లు పోతాయి.

కొత్త చిప్ కాళ్లు కొంచెం బయటికి విచ్చుకుని ఉంటాయి, సాకెట్‌లో సరిగ్గా దిగవు. ఏదైనా లోహాన్ని ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకున్నాక, చిప్‌ని పక్కకి పడుకోబెట్టి, ఒక వరస కాళ్లన్నీ ఒకేసారి బల్లకి ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. రెండో వరసా అంతే. 28 కాళ్లూ రంధ్రాల మీద నిలిచాయని చూసుకున్నాకే గట్టిగా నొక్కండి. ఒక్క కాలు చిప్ కిందకి మడిచిపోయినా డిస్‌ప్లే వెలగదు, లేదా పిచ్చి అక్షరాలు చూపిస్తుంది. అప్పుడు కంగారు పడకుండా చిప్ తీసి, కాలు నిటారు చేసి మళ్లీ పెట్టండి. చిప్ మీదున్న స్టిక్కర్ పీకకండి, దాని కింద కిటికీ ఉంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలకి ప్రోగ్రామ్ చెరిగిపోతుంది.

సొంత ఫర్మ్‌వేర్ రాసుకునేవాళ్లకి ఒక మాట. కోఠి గుజరాతీ గల్లీలో 27సి256 దొరక్క 27సి512 తెచ్చుకుంటే, ఇమేజ్‌ని రెండు సగాల్లోనూ ఒక్కోసారి రాయండి. ఒకటో కాలు ఈ చిప్‌లో అడ్రస్ లైను, అందుకే బోర్డు ఏ సగాన్ని చదువుతుందో ఆ కాలే తేలుస్తుంది.

[తెర మీద: పై వరసలో మూడు లైట్లు ఒకేసారి వెలుగుతున్నాయి.]

చిప్‌తో వచ్చిన కాగితంలో చెప్పినట్టు ఒకసారి రీసెట్ చేసి, యూనోకి సరిపోయే ఎడిటర్‌తోనే కొత్తగా పెట్టుకోండి. ఈసారి డ్రైవ్, డిలే లాంటి బ్లాకులకి స్టాంప్ బైపాస్ అసైన్‌లో (ఏ కబురు ఏ ఎఫెక్ట్‌ని ఆన్-ఆఫ్ చేయాలో చెప్పే చోట) 20 నుంచి 24 కంట్రోలర్ నంబర్లు ఇవ్వండి. మిడి ప్రమాణంలో అవి ఎవరికీ కేటాయించనివి, స్టాంప్ కూడా వాటిని తన పనికి అట్టే పెట్టుకోలేదు. 127 అంటే ఆన్, 0 అంటే ఆఫ్. 49 నుంచి 51 ఇక వాడకండి, అవి నొక్కినప్పుడల్లా స్థితిని తిరగేస్తాయి తప్ప ఆన్ అని గానీ ఆఫ్ అని గానీ చెప్పవు. లైటు ఒకసారి తప్పితే పాట అయ్యేదాకా తప్పే.

ఇంత చేసినా కేబుల్ ఒకవైపే మాట్లాడుతుంది. స్టాంప్‌లో ప్రీసెట్ మారి డ్రైవ్ ఆన్‌లోకి వచ్చిందనుకోండి, ఆ సంగతి కంట్రోలర్‌కి తెలీదు. యూనోలో ప్రతి ప్రీసెట్‌కీ పై వరసలో ఏ స్విచ్ ఆన్‌లో మొదలవ్వాలో పెట్టుకోవచ్చు. స్టాంప్‌లో సేవ్ చేసినదీ ఇక్కడ పెట్టినదీ ఒకటేనా అని కాగితం మీది పది గళ్లతో ఒక్కొక్కటీ సరిచూడండి. స్టేజీ మీద స్టాంప్ సొంత స్విచ్‌లని కాలితో ముట్టుకోకండి.