చెవి బాగైంది సరే, నాలుక సంగతి?

అక్క: అందరికీ నమస్కారం. పోయిన వారం మాటిచ్చాం కదా, చెవి ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌ని ఏమేం అడగాలో ఇవాళ మాట్లాడుకుందాం. వాయిస్ మెసేజ్‌లు బోలెడు వచ్చాయి.

తమ్ముడు: మొదటి ప్రశ్న నేను చెప్పేస్తా. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష కాగితం, దాని కాపీ ఇవ్వండి అని అడగాలి.

అక్క: మొదలెట్టావా?

తమ్ముడు: మొదలెడతా.

అక్క: ఇదిగో, ఇద్దరు ఒకే డాక్టర్ గురించి పంపారు. పేరు చెప్పం. ఒకావిడ ఆయన్ని దేవుడంటోంది. చిన్నప్పటి నుంచి కారుతున్న చెవి ఆగిపోయిందట. పొద్దున లేస్తే దిండు గలీబు మీద మరక ఉండట్లేదని చెప్తూ ఏడ్చేసింది. రెండో ఆయనేమో, చీము ఆగింది గానీ వినికిడి ముందుకన్నా తగ్గిందంటున్నాడు. అడిగితే "ఆపరేషన్ సక్సెసయ్యా" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారట.

తమ్ముడు: ఇద్దరూ నిజమే చెప్తున్నారు. రెండో ఆయన కొలెస్టియటోమా అన్నాడు, విన్నావా? కర్ణభేరి వెనక చర్మం పొర పేరుకుని పెరుగుతుంది, పక్కనున్న ఎముకను తినేస్తుంది. లోపల మూడు బుల్లి ఎముకలుంటాయి, వాటినీ వదలదు. ముదిరితే మూతి వంకర పోవచ్చు, ఇన్ఫెక్షన్ మెదడు దాకా పోవచ్చు. అందుకే ముందు ఆ జబ్బును పూర్తిగా తీసేయడం, వినికిడి ఆ తర్వాత. ఒక్కోసారి ఆరు నెలలో ఏడాదో ఆగి, మళ్లీ తెరిచి, ఏమీ మిగల్లేదని చూసుకుని అప్పుడు ఎముకలు సరిచేస్తారు.

అక్క: ఈ నాలుగు ముక్కలు ఆ డాక్టర్ చెప్పుంటే ఆయన ఇంత బాధపడేవాడా?

తమ్ముడు: చెప్పాలి, కాదనను. కానీ బయట బెంచీల నిండా జనం. చేతి పని బాగుంటే, మాట తక్కువైనా నేను సర్దుకుపోతా.

అక్క: అమ్మ విషయంలోనూ అలాగే సర్దుకుపోయావు.

తమ్ముడు: అక్కా, అది ఇక్కడొద్దు.

అక్క: చెప్పమని అమ్మే అంది. అమ్మకి కర్ణభేరికి చిల్లు. చెవి పైన, కణత దగ్గరి కండరం మీద పల్చటి పొర ఉంటుంది, అది తీసి అతికించారు. చక్కగా అతుక్కుంది. ఇంటికొచ్చాక పప్పుచారు అరచేతిలో వేసుకుని రుచి చూసేది, ఉప్పు వేసేది, మళ్లీ చూసేది, మళ్లీ వేసేది. నాన్న ఒక ముద్ద తిని ఏమీ అనకుండా మజ్జిగ కలుపుకున్నాడు. ఆ రాత్రి నా దగ్గరకొచ్చి, "నోట్లో రూపాయి బిళ్ల పెట్టుకున్నట్టుందే, నాకేమైనా పెద్ద జబ్బా?" అంది.

తమ్ముడు: అది కార్డా టింపనీ అని ఒక నరం. నాలుక ముందు భాగం రుచిని మోసుకెళ్లేది అదే. కర్ణభేరి వెనకే అడ్డంగా పోతుంది. చాలాసార్లు దాన్ని జరపకుండా పని కాదు. సాగినా సరే, ఆ పక్క రుచి మారిపోతుంది. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. అమ్మకీ సర్దుకుంది కదా.

అక్క: సర్దుకుంది. సర్దుకుంటుందని ముందే ఎవరూ చెప్పలేదనేదే నా బాధ. సంతకం చేసిన కాగితంలో ఉందట, ఇంగ్లీషులో. వేలు పెట్టి చూపించిన చోట అమ్మ సంతకం పెట్టింది.

తమ్ముడు: ఆ చేతుల వల్లే ఇవాళ అమ్మ ఎడమ చెవికి ఫోన్ పెట్టుకుంటోంది.

అక్క: ఆ చేతులకి నేనూ దండం పెడతా. "అమ్మా, కొన్నాళ్లు రుచి తేడాగా ఉండొచ్చు, కంగారుపడకండి." ఇంతే నేనడిగేది. దీనికి ఎంతసేపు పడుతుంది?

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు)

తమ్ముడు: ఆ మాట కూడా వైద్యమే. సరే. అందుకే అంటున్నా, ఆడియోగ్రామ్...

అక్క: దీనికీ దానికీ ఏంట్రా సంబంధం?

తమ్ముడు: ఉంది, విను. ఆ కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూలు. గాలిలోంచి విన్నదానికి ఒక గీత, చెవి వెనక ఎముక ద్వారా విన్నదానికి ఇంకో గీత. ఆ రెండు గీతల మధ్య ఎంత ఎడం ఉందో, ఆపరేషన్‌తో తిరిగొచ్చేది మహా అయితే అంత. ఎముక గీతే కిందికి దిగిపోయిందంటే లోపలి చెవో నరమో దెబ్బతిందన్నమాట. కర్ణభేరి ఎంత బాగా అతికించినా అది రాదు. కాగితం ముందు పెట్టి "ఇందులో నాకెంత వస్తుంది సార్?" అని అడిగితే, ఎంత తొందరలో ఉన్న డాక్టరైనా జవాబు చెప్పక తప్పదు.

అక్క: ఇదేదో ముందే ఇలా చెప్పొచ్చుగా!

తమ్ముడు: నువ్వు చెప్పనిస్తేగా.

అక్క: టైమ్ లేదు, గబగబా కానిద్దాం. ఆపరేషన్ తర్వాత తలస్నానం?

తమ్ముడు: డాక్టర్ సరేననేదాకా చెవిలోకి చుక్క నీరు పోకూడదు. తల తడపమన్నాక కూడా వ్యాజిలిన్ రాసిన దూది పెట్టుకోవాలి. ముక్కు గట్టిగా చీదొద్దు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, ఆపుకోకూడదు.

అక్క: వెల్లుల్లి కాచిన నూనె?

తమ్ముడు: చిల్లున్న చెవిలోనా? వద్దే వద్దు.

అక్క: చివరిది కరీంనగర్ నుంచి, ఒక తల్లి. బాబుకి ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్, అదే చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, వేశారట. వారం దాటినా పిలిస్తే పలకట్లేదు, మోసపోయామా అని అడుగుతోంది.

తమ్ముడు: అయ్యో, లేదమ్మా. గాయం మానాలి. మామూలుగా మూడు నాలుగు వారాల తర్వాత చెవి బయట మిషన్ పెట్టి ఆన్ చేస్తారు. అప్పుడు కూడా వాడికి వినపడేవి చప్పుళ్లే. అవి మాటలని తెలియాలంటే థెరపీ కావాలి, నెలలు, ఏళ్లు పడుతుంది. ఇది ఆవిడకి ఎవరూ చెప్పలేదా?

అక్క: చూశావా, నువ్వే అడుగుతున్నావు.

తమ్ముడు: అడుగుతున్నా. ఆవిడ నంబరుందా? ఆశ వదిలేసి థెరపీకి తీసుకెళ్లదేమోనని భయంగా ఉంది.

అక్క: ఉంది. రికార్డింగ్ ఆపు, ఇప్పుడే చేద్దాం.